తన పేరు తానే పెట్టుకున్న అమ్మాయి: పాలీ స్టైరీన్ బతుకు, పాట

1978 ఏప్రిల్ 30, ఆదివారం. లండన్ నడిబొడ్డున ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి బయల్దేరిన ఊరేగింపు మైళ్ల దూరం నడిచి తూర్పు లండన్‌లోని విక్టోరియా పార్కుకు చేరుకుంది. వలస వచ్చినవాళ్లను దేశం నుంచి తరిమేయాలని వీధుల్లో కవాతులు చేస్తున్న నేషనల్ ఫ్రంట్‌కు వ్యతిరేకంగా రాక్ ఎగెనెస్ట్ రేసిజం, యాంటీ నాజీ లీగ్ కలిసి పెట్టిన సభ అది. నిర్వాహకులు కొన్ని వేల మంది వస్తారనుకున్నారు. వచ్చినవాళ్లు దాదాపు 80 వేలని అంచనా. ఆ రోజు వేదిక ఎక్కిన బృందాల్లో ది క్లాష్ ఉంది, స్టీల్ పల్స్ ఉంది, టామ్ రాబిన్సన్ బ్యాండ్ ఉంది. వాటితో పాటు ఎక్స్-రే స్పెక్స్ కూడా ఉంది.

ఎక్స్-రే స్పెక్స్ తరఫున మైకు ముందుకు వచ్చిన అమ్మాయికి ఇరవై ఏళ్లు. తలకు గుడ్డ చుట్టుకుంది. పళ్లకు తీగ క్లిప్పులున్నాయి. ఒంటి రంగు తెలుపు కాదు, నలుపూ కాదు. ఆమె నోరు తెరిస్తే వచ్చే గొంతు ఫ్యాక్టరీ సైరన్ లాంటిది. ప్రపంచానికి ఆమె పేరు పాలీ స్టైరీన్. అమ్మానాన్నలు పెట్టిన పేరు మేరియన్ జోన్ ఎలియట్-సయీద్.

ఆమె బృందం బతికి ఉన్న కాలంలో విడుదలైనవి ఒక ఆల్బమ్, ఐదు సింగిల్ రికార్డులు. మొత్తం కలిపి వింటే గంట కూడా పట్టదు. అయినా నలభై ఏళ్లు దాటినా ఆ గంట పాత పడలేదు. ఎందుకు పడలేదో అర్థం కావాలంటే ఆమె బతుకు తెలియాలి.

సగం అనే తిట్టు

మేరియన్ 1957 జులై 3న లండన్ శివారు బ్రోమ్లీలో పుట్టింది. తల్లి తెల్లజాతి స్త్రీ, లాయర్ల ఆఫీసులో సెక్రటరీ. తండ్రి సోమాలియా నుంచి వచ్చిన మనిషి. ఇల్లు నడిపింది తల్లే. పిల్లలు దక్షిణ లండన్‌లోని బ్రిక్స్టన్‌లో పెరిగారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కరేబియన్ దీవుల నుంచి వచ్చిన నల్లజాతి శ్రామికులు స్థిరపడిన పేట అది. అద్దె ఇళ్లు, చాలీచాలని జీతాలు, ఊరికే ఆపి జేబులు తడిమే పోలీసులు అక్కడి రోజువారీ బతుకు.

తల్లి తెల్ల మనిషై తండ్రి నల్లవాడైతే ఆ పిల్లల్ని అప్పటి బ్రిటన్‌లో ఒక మాటతో పిలిచేవాళ్లు: హాఫ్-కాస్ట్. సగం కులం. బడిలో తోటిపిల్లలు, వీధిలో పెద్దలు, చివరికి పత్రికలు కూడా ఆ మాటను మామూలు మాటలాగే వాడేవి. అందులోని కాస్ట్ మనకు బాగా తెలిసిన మాటే. పోర్చుగీసు వర్తకుల భాషలోని కాస్టా అనే పదం నుంచి అది వచ్చింది. మన నేల మీద కులాన్ని చూసి వాళ్లు ఆ మాటే వాడారు. అదే ఇంగ్లీషులోకి వెళ్లి, సామ్రాజ్యం అంతా తిరిగి, చివరికి బ్రిక్స్టన్‌లో ఒక పిల్ల నెత్తిన పడింది. రక్తానికి స్వచ్ఛత ఉంటుందనీ, కలిస్తే అది చెడుతుందనీ నమ్మే బుద్ధి ఎక్కడున్నా ఒకే పదకోశం వాడుతుంది. తెల్లవాళ్లకు ఆమె తక్కువ తెలుపు. నల్లవాళ్లలోనూ కొందరికి తక్కువ నలుపు. తర్వాత ఆమె పాటలన్నీ ఒక ప్రశ్న చుట్టూ తిరగడానికి కారణం ఇక్కడే ఉంది. నేనెవరో చెప్పే హక్కు ఎవరిది?

పదిహేనో ఏట ఆమె ఇల్లు వదిలింది. చేతిలో మూడు పౌండ్లు. దారిన పోయే బండ్లు ఎక్కుతూ ఒక సంగీతోత్సవం నుంచి ఇంకోదానికి తిరిగింది. లండన్‌కు తిరిగొచ్చాక పాటలు రాయడం మొదలుపెట్టింది. 1976లో మారి ఎలియట్ అనే పేరుతో సిల్లీ బిల్లీ అనే మొదటి రికార్డు చేసింది. రెగే లయలో నడిచే తేలికపాటి పాప్ పాట. ఎవరూ పట్టించుకోలేదు.

పసుపు పుటల్లో దొరికిన పేరు

అదే ఏడాది జులై 3న, సరిగ్గా తన పంతొమ్మిదో పుట్టినరోజున, హేస్టింగ్స్ ఊరి సముద్రపు వంతెన మీద సెక్స్ పిస్టల్స్ కచేరీ చూసింది. వినేవాళ్లు పట్టుమని లేరు. వాయించేవాళ్లకూ పెద్ద విద్యేమీ లేదు. ఆమెకు అర్థమైంది అదే. పాడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, శాస్త్రం నేర్చిన గొంతు అక్కర్లేదు, అందంగా ఉండాల్సిన పనీ లేదు. వెంటనే సంగీత పత్రికల్లో ప్రకటన ఇచ్చి తోటివాళ్లను పోగుచేసింది. గిటార్‌కు జాక్ ఎయిర్‌పోర్ట్, బాస్‌కు పాల్ డీన్, డ్రమ్స్‌కు కొంతకాలానికి పాల్ హర్డింగ్. శాక్సోఫోన్‌కు లోరా లాజిక్, అప్పటికి ఇంకా బడి వయసు పిల్ల. పిల్లల బొమ్మల పుస్తకాల్లో, గోడ అవతల ఉన్నది కూడా కనిపిస్తుందని చెప్పి అమ్మే ఉత్తుత్తి కళ్లద్దాల ప్రకటనలు వచ్చేవి. ఆ కళ్లద్దాల పేరే బృందానికి పెట్టారు.

తన పేరు కోసం ఆమె ఫోన్ డైరెక్టరీలోని వ్యాపార ప్రకటనల పసుపు పుటలు తిరగేసింది. కాలానికి తగ్గ పేరు కావాలి. ప్లాస్టిక్ పేరు కావాలి. పాలీస్టైరీన్ దొరికింది. వాడి పారేసే కప్పులు, పెట్టెల్లో వస్తువులు పగలకుండా పెట్టే తెల్లటి అట్టలు తయారయ్యే పదార్థం. పాప్ గాయని అంటే కంపెనీలు తయారుచేసి, అమ్మి, పారేసే సరుకే కదా అన్న వెక్కిరింత ఆ పేరులో ఉంది.

పేరు మార్చుకోవడం అంటే ఏమిటో ఈ వెబ్‌సైటు చదివేవాళ్లకు వివరించక్కర్లేదు. మన తాతముత్తాతలకు ఊరు పెట్టిన పేర్లు, బడి రిజిస్టర్లో పంతులు రాసిన పేర్లు, వాటిని కొట్టేసి మనం రాసుకున్న పేర్లు మనకున్నాయి. మేరియన్ చేసింది కొంచెం వేరు. గౌరవమైన పేరు వెతుక్కోలేదు ఆమె. లోకం నన్ను సరుకులాగే చూస్తుందని తెలిసి, సరుకు పేరే పెట్టుకుని, ఆ చూసేవాళ్ల మొహాన విసిరింది.

మొదటి కేక

1977 మొదట్లో లండన్ కావెంట్ గార్డెన్‌లో రాక్సీ అనే చిన్న క్లబ్బు పంక్ బృందాలకు అడ్డా. అక్కడ వాయించిన బృందాలను అక్కడికక్కడే రికార్డు చేసి ఆ వేసవిలో ఒక ఆల్బమ్‌గా తెచ్చారు. ఎక్స్-రే స్పెక్స్ పాట రికార్డు మీదికి మొదట ఎక్కింది అందులోనే. ఆ పాటే ఓ బాండేజ్ అప్ యువర్స్! సెప్టెంబర్ నెలాఖరుకు అదే పాటను స్టూడియోలో చేసి వర్జిన్ కంపెనీ సింగిల్‌గా విడుదల చేసింది. వెనక వైపు పాట ఐ యామ్ ఎ క్లీషే.

బాండేజ్ అంటే కట్టు, బానిసత్వం. పంక్ బట్టల దుకాణాల్లో తోలుపట్టీలు, గొలుసులు ఫ్యాషన్‌గా అమ్ముడుపోతున్న కాలం అది. ఆమె ఆ మాటను దుకాణం నుంచి గుంజి తెచ్చి దాని అసలు అర్థంలో నిలబెట్టింది. ఆడపిల్ల కనిపిస్తే చాలు, వినిపించకూడదని పెద్దలు చెప్పే పాత ఇంగ్లీషు నీతి ఒకటుంది. పాట మొదట్లో దాన్ని చిన్నపిల్లలా ముద్దుగా గుర్తుచేసి, మరుక్షణం గొంతు చించుకుని ఆ నీతిని చింపేస్తుంది. స్త్రీకి వేసిన సంకెల, నల్లవాడికి వేసిన సంకెల, కొనుక్కోమని వెంటపడే అంగడి వేసిన సంకెల మూడూ ఆ కేకలో కలిసిపోయాయి. పాట చార్టుల్లోకి ఎక్కలేదు. కానీ విన్నవాళ్లు మరిచిపోలేదు.

అప్పటి పంక్ అంటే గిటార్ రొద. ఎక్స్-రే స్పెక్స్‌లో గిటార్‌కు సమంగా శాక్సోఫోన్ అరుస్తుంది. పాలీ గొంతు ఒక చరణం పాడి ఆగితే అది అందుకుంటుంది. వాటి జోడీయే ఈ బృందం ముద్ర. అయితే ఆ శాక్సోఫోన్ బాణీలు వేసిన లోరా లాజిక్‌ను ఆల్బమ్ రాకముందే బృందం నుంచి తప్పించారు. ఆమె స్థానంలో రూడీ థామ్సన్ వచ్చాడు. ఆడపిల్ల వినిపించాలని అరిచిన బృందంలోంచే ఒక ఆడపిల్ల బయటకు పోయింది. పాలీ కథ చెప్పేటప్పుడు దీన్ని దాటేయకూడదు.

సూక్ష్మక్రిములు లేని పిల్లలు

1978 బృందానికి పెద్ద ఏడాది. కంపెనీ మారింది. ఈఎంఐ ఇంటర్నేషనల్ కోసం వరుసగా మూడు సింగిల్స్ వచ్చాయి. మార్చిలో ది డే ది వరల్డ్ టర్న్డ్ డే-గ్లో, నారింజ రంగు రికార్డుగా వచ్చి బ్రిటిష్ చార్టులో 23వ స్థానానికి చేరింది. జులైలో ఐడెంటిటీ, గులాబీ రంగు రికార్డు, 24వ స్థానం. అక్టోబర్‌లో జెర్మ్‌ఫ్రీ అడోలసెంట్స్, 19వ స్థానం. నవంబర్‌లో అదే పేరుతో పన్నెండు పాటల ఆల్బమ్ వచ్చి 30వ స్థానం దాకా వెళ్లింది. అట్ట మీద బృందం మనుషులు ఒక్కొక్కరూ ఒక్కో గాజు పరీక్షనాళికలో నిలబడి ఉంటారు.

ఆల్బమ్ అంతా వస్తువులే. ప్లాస్టిక్ సంచులు, నకిలీ తిండి, కృత్రిమ రంగులు, ప్రయోగశాలలో తయారయ్యే మనుషులు. వూల్‌వర్త్స్ దుకాణంలో ఒక యోధుడు. ఒకరి మీద ఒకరు బతికే లోకం. ఆమె చెల్సీలోని ఒక సందుబజారులో చిన్న కొట్టు పెట్టి ప్లాస్టిక్ నగలు, చవక బట్టలు అమ్మిన మనిషి. ఆ ప్రపంచాన్ని దూరంగా నిలబడి తిట్టలేదు. ఆ రంగులంటే ఆమెకూ ఇష్టమే. అది నన్ను కూడా కొనేసిందన్న ఎరుకతో పాడింది. పంక్ రికార్డు కూడా ప్లాస్టిక్కేనని, తన తిరుగుబాటును అమ్ముతున్నది దేశంలోని అతి పెద్ద కంపెనీల్లో ఒకటనీ ఆమెకు తెలుసు. అందుకే ఆ పాటల్లో నీతిబోధ వినిపించదు.

ఆల్బమ్‌కు పేరిచ్చిన పాట మిగతావాటికన్నా నెమ్మదిగా నడుస్తుంది. శుభ్రం పిచ్చి పట్టిన ఒక జంట గురించి. మందులు, సబ్బులు, నురగలు. ముట్టుకుంటే ఏమంటుకుంటుందోనన్న భయం మధ్య ప్రేమ. ఈ పాటను ప్రకటనల మీద వ్యంగ్యంగా వినొచ్చు. అంటు, మడి అనే మాటల మధ్య పెరిగిన మనం ఇంకోలా కూడా వింటాం. సగం కులమని పిలిపించుకున్న పిల్ల, శుభ్రత పేరుతో మనిషి మనిషిని తాకలేని లోకాన్ని పాటకట్టింది. ఆమెకు మన దేశపు అంటరానితనం మనసులో ఉందని నేను చెప్పడం లేదు. కానీ స్వచ్ఛత అనే ఊహ మనిషిని ఎంత ఒంటరిని చేస్తుందో ఆమెకు తెలుసు. అది మనకూ తెలుసు.

ఓ బాండేజ్ అప్ యువర్స్! ఈ ఆల్బమ్‌లో లేదు. అది వర్జిన్ కంపెనీ సింగిల్. ఏళ్ల తర్వాత సీడీగా మళ్లీ వచ్చినప్పుడే రెండూ ఒక చోట చేరాయి.

గుండు

పంక్ అంతా జాతివివక్షకు వ్యతిరేకం అనుకుంటే పొరపాటు. మొదట్లో జనాన్ని రెచ్చగొట్టడం కోసం స్వస్తిక్ గుర్తులు తొడుక్కున్నవాళ్లు అందులో ఉన్నారు. కొన్ని కచేరీలకు నేషనల్ ఫ్రంట్ కుర్రాళ్లు గుంపులుగా వచ్చేవాళ్లు. రాక్ సంగీతంలోని పెద్దలూ శుద్ధులేం కాదు. 1976 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కచేరీలో ఎరిక్ క్లాప్టన్, వలసల మీద విషం కక్కిన ఇనాక్ పావెల్‌ను సమర్థిస్తూ మాట్లాడాడు. రెండేళ్ల ముందు అమెరికాలో అతన్ని మొదటి స్థానంలో నిలబెట్టింది బాబ్ మార్లే పాట. నల్లవాళ్ల సంగీతం కావాలి, నల్లవాళ్లు మాత్రం వద్దు. రాక్ ఎగెనెస్ట్ రేసిజం పుట్టింది ఆ మాటల మీద కోపంతోనే.

అందుకే విక్టోరియా పార్కు వేదిక మీద పాలీ నిలబడటానికి విలువ ఉంది. మిగతా పంక్ గాయకులకు జాతివివక్ష ఒక అంశం. ఆమెకు సొంత ఒంటి సంగతి. తనను శృంగార తారగా మార్చే ప్రయత్నం చేస్తే గుండు కొట్టించుకుంటానని ఆమె ముందే చెప్పింది. అన్నంత పనీ చేసి, ఆ గుండుకు గుడ్డ చుట్టుకుని ఆ సభకు వచ్చింది. పళ్ల క్లిప్పులు దాచుకోలేదు. ఒంటిని చూపించే బట్టలు వేసుకోలేదు. పత్రికలవాళ్లు ఆమె రూపం గురించి రాసిందంతా ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది. పాటలు రాసేది, బాణీలు కట్టేది, బట్టలు ఎంచుకునేది ఆమే. వాళ్లు కొలిచింది మాత్రం ఆమె లావునూ పళ్లనూ.

నిశ్శబ్దం

పేరు వచ్చిన వేగానికి ఆమె మనసు తట్టుకోలేకపోయింది. 1978లో ఒక కచేరీ ముగిశాక, హోటల్ కిటికీలోంచి ఆకాశంలో గులాబీ రంగు వెలుగు ఒకటి కనిపించిందని చెప్పింది. ఆసుపత్రిలో చేర్చారు. డాక్టర్లు స్కిజోఫ్రీనియా అన్నారు. ఇక పని చేయలేదన్నారు. అది తప్పు నిర్ధారణ. ఆమెకున్నది బైపోలార్ డిజార్డర్ అని తేలింది 1991లో. మధ్యలో పుష్కరం గడిచిపోయింది. తెల్లవాళ్లు కాని స్త్రీలకు మానసిక జబ్బు వస్తే వాళ్ల మాట ఎంతవరకు వింటారన్న ప్రశ్న బ్రిటన్‌లో ఈనాటికీ తీరలేదు.

1979లో హైలీ ఇన్‌ఫ్లేమబుల్ అనే చివరి సింగిల్ వచ్చింది, 45వ స్థానంతో ఆగింది. ఆమె బృందాన్ని వదిలేసింది, బృందం చెదిరిపోయింది. మరుసటి ఏడు ఒంటరిగా చేసిన ట్రాన్స్‌లూసెన్స్ ఆల్బమ్‌లో కేకలు లేవు. మెత్తని జాజ్ ఛాయలున్న పాటలు. పంక్ అభిమానులకు నచ్చలేదు. అరిచే అమ్మాయిగానే ఆమెను చూడాలనుకున్నారు. అదీ ఒక కట్టే.

1980ల్లో ఆమె హరేకృష్ణ ఉద్యమంలో చేరింది. బీటిల్స్ గాయకుడు జార్జ్ హారిసన్ విరాళంగా ఇచ్చిన భక్తివేదాంత మేనర్ అనే పెద్ద బంగళాలో కొంతకాలం కూతురితో ఉంది. ఇక్కడ మనం కాసేపు ఆగాలి. కులం గురించీ ఆడవాళ్ల గురించీ ఆ సంప్రదాయాలు ఏం చెబుతాయో తెలిసిన మనకు, బాండేజ్ మీద కేక వేసిన మనిషి అక్కడికి వెళ్లడం మింగుడుపడదు. నాకూ పడలేదు. కానీ ఆసుపత్రి పిచ్చిదన్నది. సంగీత పరిశ్రమ పనికిరాదన్నది. పాటకూ భోజనానికీ నలుగురు మనుషులకూ చోటిచ్చిన గుమ్మం అదొక్కటే తెరిచి ఉంది. ఆశ్రయం దొరకని మనిషి ఏ గుమ్మం తొక్కిందని అడిగేముందు, మిగతా గుమ్మాలు ఎవరు మూశారని అడగాలి. అలాగని ఆ కాలాన్ని తీపి చేయనవసరం లేదు. తల్లి జబ్బుతో పెరిగిన కూతురి బాల్యం కష్టంగా గడిచింది. కొన్నాళ్లకు ఆ పిల్లను పెంచే బాధ్యత అమ్మమ్మ మీద పడింది.

తిరిగి అదే పార్కుకు

పాలీ పూర్తిగా ఆగిపోలేదు. 1986లో గాడ్స్ అండ్ గాడెసెస్ అనే చిన్న రికార్డు చేసింది. 1995లో లోరా లాజిక్, పాల్ డీన్‌లతో మళ్లీ కలిసి ఎక్స్-రే స్పెక్స్ రెండో ఆల్బమ్ కాన్షస్ కన్స్యూమర్ తెచ్చింది. పదిహేడేళ్ల కింద విడిపోయిన ఇద్దరు ఆడవాళ్లు మళ్లీ ఒకే రికార్డు మీద వినిపించారు. కానీ ఆమెను అగ్నిమాపక బండి గుద్దింది. కటి ఎముక విరిగింది. ఆల్బమ్‌ను జనంలోకి తీసుకెళ్లే పని ఆగిపోయింది.

2008 ఏప్రిల్‌లో రాక్ ఎగెనెస్ట్ రేసిజం సభకు ముప్పై ఏళ్లు నిండిన సందర్భంగా అదే విక్టోరియా పార్కులో ఆమె మళ్లీ ఓ బాండేజ్ పాడింది. సెప్టెంబర్ 6న లండన్ రౌండ్‌హౌస్‌లో ఎక్స్-రే స్పెక్స్ పేరుతో పూర్తి కచేరీ చేసింది. దాన్ని రికార్డు చేసి మరుసటి ఏడు విడుదల చేశారు. ఈ మధ్యలో అమెరికాలో 1990ల్లో వచ్చిన రయట్ గర్ల్ అనే స్త్రీవాద పంక్ ఉద్యమం ఆమెను తమకు దారి వేసిన మనిషిగా చెప్పుకుంది. అయితే ఆ ఉద్యమంలో ముందు నిలిచినవాళ్లలో ఎక్కువమంది తెల్ల అమ్మాయిలే. వాళ్లకు దారి వేసింది మాత్రం సోమాలీ తండ్రి బిడ్డ.

చివరి ఆల్బమ్ జనరేషన్ ఇండిగో 2011 మార్చి 28న విడుదలైంది. అప్పటికే రొమ్ము క్యాన్సర్ వెన్నుకూ ఊపిరితిత్తులకూ పాకింది. నెల తిరక్కుండా, ఏప్రిల్ 25న, ఆమె చనిపోయింది. వయసు 53.

ఆమె వదిలిన కాగితాలు, బొమ్మలు, బట్టలు, పాటల చిత్తుప్రతులు కూతురు సెలెస్ట్ బెల్ చేతికి వచ్చాయి. కొన్నేళ్లపాటు వాటిని తెరవలేకపోయిన ఆమె, తర్వాత వాటితోనే 2019లో జో హౌతో కలిసి ఒక పుస్తకం, 2021లో పాల్ స్యాంగ్‌తో కలిసి ఒక డాక్యుమెంటరీ చేసింది. తల్లి గొప్పదనాన్నీ తనకు జరిగిన లోటునూ పక్కపక్కన పెట్టింది.

ఈ చివరి సంగతి మన పనికి దగ్గరిది. రికార్డు కంపెనీ దాచేది అమ్ముడయ్యే పాటను. మనిషిని దాచుకోవాల్సింది మనమే. పాలీ స్టైరీన్ విషయంలో ఆ పెట్టెలు తెరిచే కూతురు ఉంది కాబట్టి పంక్ చరిత్రను కొందరు తెల్ల కుర్రాళ్ల కథగా ముగించడం ఇప్పుడు కుదరదు. సభల్లో పాడి ఇంటికెళ్లిపోయిన గొంతులు మన దగ్గరా ఉన్నాయి. వాళ్ల క్యాసెట్లు, నోటుపుస్తకాలు ఎవరింట్లో ఉన్నాయో ముందు కనుక్కోవాలి. అవి చెదలు పట్టకముందే తెరవాలి.